మంచినీళ్ళు ముట్టని బేరం

మా ఆయనకి బేరమాడటం రాదు. ఈ సంగతి పెళ్ళయిన మూడో రోజునే నాకు తెలిసిపోయింది. వంకాయలమ్మి కిలో రెండు రూపాయలంటే రెండు రూపాయలూ చేతిలో పెట్టి, "సరిపోతుందాండీ?" అని అడిగిన మనిషి ఆయన. హైస్కూల్లో లెక్కల మాస్టారు. బోర్డు మీద లాభనష్టాల లెక్కలు చకచకా చేసి పారేసేవారు. బజారుకెళితే మాత్రం ఎప్పుడూ నష్టమే. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను ఇల్లు కొనడానికి బయలుదేరాను. ఎనభైల మొదట్లో, రాజోలులో.

అప్పటికి ఆరేళ్ళుగా ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదుల్లో అద్దెకుంటున్నాం. ఇంటివారు మంచివారే. కరివేపాకు కోసుకోనిచ్చేవారు, నీళ్ళు తోడుకోవడానికి వేళలు పెట్టేవారు కాదు. కాకపోతే ఇంటాయనకి తలనొప్పి జబ్బు. పాట చెవిన పడితే అది ఎక్కువయ్యేది. నేను పోపు వేస్తూ కూనిరాగం తీసినా సరే, అవతలి గదిలోంచి చేతికర్రతో గోడ మీద టకటకా కొట్టేవారు. నేనేమో పలివెలలో మా నాన్నగారి దగ్గర పదేళ్ళు సంగీతం నేర్చుకున్నదాన్ని. పెళ్ళయ్యాక ఇంట్లో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పుకుందామనుకున్నదాన్ని. ఆరేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పడం అటుంచి, నేను నోరారా పాడుకున్న రోజే లేదు. సొంత ఇల్లు ఒక్కొక్కరికి ఒక్కొక్కందుకు కావాలి. నాకు పాడుకోవడానికి కావాలి.

కాలవ గట్టు పక్క వీధిలో ఓ పెద్దాయన తన పెంకుటిల్లు అమ్ముతున్నారని మా ఆయన స్టాఫ్ రూములో విని వచ్చి చెప్పారు. ధర యాభై వేలట. ఇద్దరం నవ్వుకున్నాం. అలాంటి ఇల్లు అప్పట్లో ముప్ఫై వేలు, మహా అయితే ముప్ఫై మూడు. కానీ అంతకు ముందు ఏడాది మస్కట్ నుంచి వచ్చినతను ఒకడు ఆ వీధి చివరి ఇంటిని చెప్పిన ధరకి చెప్పినట్టు యాభై వేలకి కొనేశాడు. ఆ రోజు నుంచి ఆ వీధిలో పశువుల పాకకి కూడా మస్కట్ రేటే.

నవ్వుకున్నాం గానీ, మర్నాడు సాయంత్రం కాలవ గట్టు మీద షికారు వంకతో ఆ ఇంటి ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం. వీధి అరుగు, వెనకాల ఎనిమిది కొబ్బరిచెట్లు, తలుపు తెరిచి ఉండటంతో లోపల పొడుగ్గా కనిపించే నడిమింటి హాలు. ఆ హాల్లో చాపలు పరిస్తే పదిహేనుమంది పిల్లలు పడతారు. అది చూశాక నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇంటికి రాగానే ఆయన అరఠావు కాగితం ముందేసుకున్నారు. నేను పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్నానన్న మాటే గానీ, రాళ్ళు ఉంచి బియ్యం పారేస్తున్నానేమో కూడా తెలియదు. స్థలం ఇన్ని సెంట్లు, సెంటుకి ఇంత. గోడలకింత, టేకు దూలాలకింత, పెంకు మార్చాలి కాబట్టి అందులోంచి ఇంత కొట్టివేత. కొబ్బరిచెట్టుకి ఇంత. చివరికి కింద రెండు గీతలు గీసి, "ముప్ఫై మూడు వేల నాలుగొందల యాభై," అన్నారు.

"ఆ యాభై దేనికండీ?"

"బావి గిలకకి."

నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కానీ ఆయన వేసింది ఇంటి విలువ. మేం ఇవ్వగలిగిందెంతో వేరే చూసుకోవాలి కదా. ఆయన ప్రావిడెంట్ ఫండు మీద వచ్చే అప్పూ, నా గాజులూ కాసులపేరూ అమ్మితే వచ్చేదీ కలిపి ముప్ఫై ఎనిమిది వేలు. అందులో రిజిస్ట్రేషన్ ఖర్చులకీ వాటికీ మూడు వేలు పక్కన పెట్టాలి. మిగిలింది ముప్ఫై ఐదు. అంతకి మించి రూపాయి పుట్టదు. ఇక తేలాల్సింది, మొదటి మాట ఎంత అనాలన్నదే.

ఇరవై ఎనిమిది అన్నాను నేను.

"ఇరవై ఎనిమిదా! పెద్దాయన ముఖం మీద ఎలా అంటావోయ్?"

"యాభై అనడానికి ఆయనకి లేని మొహమాటం మనకెందుకండీ?"

"ముప్ఫై ఐదూ అనేద్దాం. ఉన్నమాట చెప్పినట్టు ఉంటుంది."

"మీరు ముప్ఫై ఐదంటే ఆయన నలభై ఐదంటారు. మీరు నలభైకి వస్తారు. ఆ తరవాత నా మెళ్ళో గొలుసు కూడా అమ్ముతారు."

మూడు రోజులు ఇదే గొడవ. స్నానానికెళుతూ ఒక అంకె చెప్పేవారు, వచ్చి తల తుడుచుకుంటూ ఇంకో అంకె. ఆఖరికి నేనే గెలిచాను. గెలిచి ఊరుకోకుండా ఆయనకి ట్రైనింగ్ మొదలుపెట్టాను. ఇంటి పెద్దాయనలా కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చుని, "చెప్పండి మాస్టారూ, తవరి ఉద్దేశం," అనేదాన్ని. ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, "ఇరవై ఎని..." అని ఆగి, "ఏవోయ్, ముప్ఫై అంటే?" అనేవారు. మళ్ళీ మొదటినుంచి.

ఆదివారం మా నాన్నగారు పలివెల నుంచి బస్సులో వచ్చారు. అంతా విని, అంకెల జోలికి పోకుండా ఒక్కటే చెప్పారు.

"ఎంతన్నా అనండమ్మా. బేరం తెగేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకండి. వాళ్ళింట్లో తిన్నాక మనకి నోరు పెగలదు."

మా వైపు ఇది అందరూ ఎరిగినదే. ఒకరి చేతి అన్నం తిని, వాళ్ళ అరుగు మీదే కూర్చుని, వాళ్ళ వస్తువు అంత చెయ్యదని అనడం మాచేత కాదు. ఆ మొహమాటం మాకు ఉగ్గుపాలతో వచ్చింది. కానీ వచ్చిన మనిషిని తినకుండా పంపడం కూడా మాచేత కాదు. ఈ రెండింటి మధ్యా బేరాలు ఎలా సాగుతాయన్నది అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

ఇంటి పెద్దాయన రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళపాటు ఇళ్ళ బేరాలే చూసిన మనిషి. అమలాపురంలో డాబా కట్టుకుంటూ, దాని కోసం ఈ ఇల్లు అమ్ముతున్నారు. మేం ఇల్లు చూడటానికి వెళ్ళేసరికి ఆయనా ఆవిడా గుమ్మంలోకే వచ్చారు.

"ఆయ్, రండి రండి మాస్టారూ. అమ్మాయిగారూ, లోపలికి రండి. ముందు కొబ్బరిబొండం తాగండి, చెట్టు మీంచి ఇప్పుడే దింపించేం."

మా ఆయన ఠక్కున, "ఇవాళ ఏకాదశండీ," అన్నారు.

"ఏకాదశి మొన్ననే వెళ్ళిపోయింది కదు నాయనా," అంది ఆవిడ. నేను గబగబా అడ్డుపడి, ఒంట్లో నలతగా ఉంది పిన్నిగారూ, మంచినీళ్ళు కూడా సయించడం లేదన్నాను. అంతే, ఆవిడ లోపలికెళ్ళి గ్లాసుడు వాము నీళ్ళు పట్టుకొచ్చి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడింది. వాము నీళ్ళు మందు కిందికొస్తాయా తిండి కిందికొస్తాయా అని ఇంటికెళ్ళేటప్పుడు దారంతా వాదించుకున్నాం.

అసలు తప్పు అక్కడ జరగలేదు. ఇల్లంతా చూపిస్తుంటే నేను అనుకున్న ప్రకారం మూతి ముడుచుకునే తిరిగాను. వంటిల్లు చీకటిగా ఉందన్నాను. పెరటి గోడ పగిలిందన్నాను. మగవాళ్ళిద్దరూ బావి వైపు వెళ్ళినప్పుడు నడిమింటి హాల్లో ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎత్తుగా పెంకు కప్పు, నున్నటి గచ్చు. ఎలా పలుకుతుందో చూద్దామని సన్నగా ఒక ముక్క అన్నాను. ఆ ముక్క గుండ్రంగా తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఇంకో ముక్క అన్నాను. అలా పల్లవి మొత్తం అయిపోయింది. వెనక్కి తిరిగేసరికి పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన వెనక మా ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మాయిగారికి ఇల్లు నచ్చింది," అన్నారు పెద్దాయన చిరునవ్వుతో. "నచ్చినవాళ్ళకే ఇవ్వాలని మాకూ ఉందండీ. యాభై అన్నాం కదా, ఆ మాట మీదే ఉన్నాం."

"ఆ పల్లవి ఖరీదు ఐదు వేలు," అన్నారు మా ఆయన వీధిలోకి రాగానే.

తరవాతి ఆదివారం మా మాట చెప్పడానికి వెళ్ళాం. ఉదయం పదింటికి వెళ్ళి, నిలబడి ఇరవై ఎనిమిది అనేసి, నిలబడే వచ్చెయ్యాలి. ఆయన దారి పొడుగునా సైకిలు నడిపించుకుంటూ ఆ అంకెనే జపించారు. తీరా వెళ్ళేసరికి పెద్దాయన పూజలో ఉన్నారు. "ఇప్పుడే లేస్తారు, కూర్చోండి," అంది పిన్నిగారు. పదకొండయింది. లోపల గంట మోగుతూనే ఉంది. పదకొండున్నరకి వంటింట్లోంచి పనసపొట్టు కూరలో ఆవ కలిపిన ఘాటు వచ్చింది. మా ఆయన గుటక మింగడం నాకు వినిపించింది. పన్నెండింటికి పెద్దాయన విభూతితో బయటికి వచ్చేసరికి, నడిమింట్లో నాలుగు అరటాకులు వేసి ఉన్నాయి.

"విస్తరి వేసేక లేచి వెళ్ళిపోతే మాకు అరిష్టం కదమ్మా," అంది ఆవిడ నా చెయ్యి పట్టుకుని.

నిజం చెప్పాలంటే ముందు కూర్చున్నది నేనే. ఆ కూర మళ్ళీ మళ్ళీ వేయించుకున్నదీ నేనే. మా ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ ఒకసారి నా వైపు చూశారు. నేను తల దించుకుని తిన్నాను.

భోజనాలయ్యాక పెద్దాయన కిళ్ళీ చుట్టి మా ఆయన చేతికిచ్చి, "ఇప్పుడు చెప్పండి మాస్టారూ," అన్నారు.

మా ఆయన నోట్లో కిళ్ళీ, నుదుట చెమట. నాకేసి చూడకుండా, గోడకేసి చూస్తూ, "ముప్ఫై ఎనిమిది," అన్నారు.

ముప్ఫై ఎనిమిది! మా దగ్గరున్న మొత్తం అంతా! రిజిస్ట్రేషన్ డబ్బులతో సహా! లెక్కల మాస్టారు కూడికే చెప్పి తీసివేత మరిచిపోయారు. పెద్దాయన తొణకలేదు. "ఆలోచించుకుని కబురు చేస్తామండీ," అన్నారు.

వీధి మలుపు తిరిగేదాకా ఊరుకుని అప్పుడు మొదలుపెట్టాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయలేను. ఆయన అంతా విని, "ఆవిడ విసనకర్రతో విసురుతూ వడ్డించింది. ఆ కూర తిన్న నోటితో ఇరవై ఎనిమిది ఎలా అననోయ్?" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఇల్లు చేజారిపోయిందని నాకెంత బాధగా ఉందో, తనవల్లే పోయిందని ఆయనకి అంతకంటే బాధగా ఉంది. ఇంకో మాట అనడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రాత్రి అన్నం వండుతుంటే తట్టింది నాకు. మనం తింటే మన నోరు మూతపడింది. మరి వాళ్ళు తింటే? గరిటె అలాగే చేత్తో పట్టుకుని ముందు గదిలోకి పరిగెత్తాను.

"ఏవండీ, వాళ్ళిద్దర్నీ మనింటికి భోజనానికి పిలవండి!"

ఒక్క క్షణం అర్థం కాలేదు ఆయనకి. అర్థమయ్యాక ఎగిరి గంతేసినంత పని చేశారు. కబురు చేస్తామన్నవాళ్ళు చేసేలోపే వెళ్ళి పిలిచి వచ్చారు. పెద్దమనుషులు, పిలిస్తే రామని అనలేరు.

ఆ ఆదివారం నేను యుద్ధానికి వండినట్టు వండాను. ఆవ పెట్టి కంద బచ్చలి, కొబ్బరి పచ్చడి, పులిహోర, పెరుగావడలు. బూరెలైతే ముట్టుకుంటే విరిగేలా కుదిరాయి. ఆయన రెండుసార్లు బజారుకెళ్ళి అరటాకులు తెచ్చారు, మొదటివి చిరిగాయని. పదకొండింటికి ఇద్దరూ వచ్చారు. నేను మర్యాదగా మంచినీళ్ళ గ్లాసులు అందించాను.

పెద్దాయన గ్లాసు ముట్టుకోలేదు. "ఒంట్లో నలతగా ఉందమ్మా. మంచినీళ్ళు కూడా సయించడం లేదు," అన్నారు.

నేను వాళ్ళింట్లో చెప్పిన మాటలే! ఒక్క అక్షరం కూడా మార్చలేదు! ఆయన కళ్ళు నవ్వుతున్నాయి. మా నాన్నగారు మాకు చెప్పిన సూత్రం ఆయనకి మాకంటే ముందే తెలుసు. ఆ రోజు పూజ పన్నెండింటిదాకా ఎందుకు సాగిందో కూడా అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. "వాము నీళ్ళు ఇమ్మంటారా బాబాయిగారూ?" అన్నాను. "వద్దమ్మా, కూర్చుంటే అదే తగ్గుతుంది," అన్నారాయన. అలా నలుగురం కూర్చున్నాం. ఎవరూ ధర మాట ఎత్తరు. బూరెల వాసన ఇల్లంతా కమ్ముకుంది. విస్తళ్ళు వడలిపోతున్నాయి.

ఏం మాట్లాడాలో తెలియక కాబోలు పిన్నిగారు, "మా ఇంట్లో ఏదో పాడేవుట కదమ్మా. బావుందన్నారు ఈయన. నేను వినలేదు. ఓసారి పాడవూ?" అంది.

పెద్దావిడ అడిగితే కాదనలేను. గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టాను. రెండు మాటలు అన్నానో లేదో, గోడ మీద టకటకా మోగింది. నేను ఠక్కున ఆపేశాను. ఆపి, ఏమీ జరగనట్టు కొంగు సర్దుకున్నాను. ఆరేళ్ళ అలవాటు కదా.

"అదేమిటమ్మా ఆ చప్పుడు?"

"ఇంటివారండీ. ఆయనకి పాట పడదు."

"ఎన్నాళ్ళ నుంచీ?"

"ఆరేళ్ళండీ."

ఆవిడ నావైపు చూసింది, గోడవైపు చూసింది, తరవాత తన భర్తవైపు చూసింది. లేచి, పీట దగ్గరికి తనే జరుపుకుని విస్తరి ముందు కూర్చుంది. "వడ్డించమ్మా. నాకు ఆకలేస్తోంది."

"ఏవిటది, ఆగు..." అన్నారు పెద్దాయన.

"మీ నలత మీరు చూసుకోండి," అంది ఆవిడ, మొదటి బూరె విరుస్తూ.

ఆయన ఇంకో రెండు నిమిషాలు బిగదీసుకుని, "ఇంక నేను మాత్రం మాట్లాడేదేవుంది," అని ఉత్తరీయం తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. కంద బచ్చలి మూడుసార్లు వేయించుకున్నారు. ఆయన ప్రతి ముద్దతోనూ ఇల్లు ఒక్కో గజం దగ్గరికి వస్తున్నట్టు ఉంది.

చేతులు కడుక్కుని వచ్చి పెద్దాయన మా ఆయన్ని వదిలేసి నన్నే అడిగారు. "అమ్మా, నిజం చెప్పు. మా ఇంటికి బయల్దేరినప్పుడు ఎంత అనుకుని బయల్దేరేరు?"

"ఇరవై ఎనిమిది," అన్నాను. మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

పెద్దాయన పగలబడి నవ్వారు. "మరి మాస్టారు ముప్ఫై ఎనిమిదన్నారే! ఆయ్, అది ఆయనన్న మాట కాదులెండి. మా ఆవిడ పనసపొట్టు కూర అన్న మాట. అది నేను పుచ్చుకోను. యాభై అని నేనన్నదీ నా మాట కాదు, ఆ మస్కట్ ఆయన డబ్బన్న మాట. నా మనసులో ఉన్నది ముప్ఫై నాలుగు. ఏవంటావమ్మా?"

ముప్ఫై నాలుగు! మా హద్దు కంటే వెయ్యి తక్కువ! నేను చెయ్యవలసిందల్లా సరేననడం. కానీ ఎదురుగా ఆ పెద్దావిడ పెదవులకి ఇంకా నెయ్యి మెరుస్తోంది. నా చేతి వంట తిని, నా కోసమే తిని కూర్చుంది. తిన్నవాళ్ళకే నోరు పెగలదనుకున్నాను. పెట్టినవాళ్ళకి కూడా పెగలదని అప్పుడు తెలిసింది.

"ముప్ఫై ఐదు చేసుకోండి బాబాయిగారూ," అన్నాను.

మా ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసిన చూపు నేను చచ్చిపోయేదాకా మరిచిపోను. ఆ వెయ్యి రూపాయల మాట ఎత్తి ముప్ఫై ఏళ్ళు ఏడిపించారు. కూరలమ్మి వస్తే, "నువ్వు లోపలికి వెళ్ళు, నేను బేరమాడతాను," అనేవారు.

రెండు నెలలకి పాలు పొంగించి ఇంట్లో చేరాం. చుట్టాలందరూ వెళ్ళిపోయిన మర్నాడు ఉదయం, తలంటు పోసుకుని, నడిమింటి హాల్లో చాప వేసుకుని కూర్చున్నాను. ఆయన పెరట్లో ఉన్నారు. ఆ క్షణం కోసం ఆరేళ్ళు కాచుకున్నాను. కళ్ళు మూసుకుని గొంతు పూర్తిగా విప్పి అందుకున్నాను. మధ్య స్థాయిలో బాగానే సాగింది. పైకి వెళ్ళాను. పై షడ్జం దగ్గర గొంతు పెళుక్కుమని చీలిపోయింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ చీలింది. పెళ్ళికి ముందు ఆడుతూ పాడుతూ నిలిపిన స్వరం అది. ఆరేళ్ళు గుసగుసగా పాడుకున్న గొంతుకి ఇప్పుడు అందడం లేదు. ఇల్లు వచ్చింది, గొంతు పోయింది అనుకున్నాను. చాప మీద అలాగే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పెరట్లోంచి ఆయన కేక వినిపించింది. "ఆపేవేం? మళ్ళీ అందుకో!"

ఆయనకి సంగీతంలో ఓనమాలు కూడా రావు. శ్రుతి తప్పిందో లేదో తెలియదు. పాట ఆగిందన్నది మాత్రం తెలుసు. ముక్కు చీదుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, సరళీ స్వరాలు మొదటిసారి నేర్చుకునే పిల్లలాగా కింద షడ్జం నుంచి మొదలుపెట్టాను. గట్టిగా, వీధిలోకి వినిపించేలా.